ఇంటి బెంగయు సైనికుని ధర్మమును

తనకు మిక్కిలి ప్రియమైనదానిని విడిచినవాడే ధర్మాత్ముడని మనలో ననేకులకు నొక నమ్మకము కలదు. ఇల్లు విడిచెను, ఆలుబిడ్డలను విడిచెను, ప్రాణమును సయితము విడువ సిద్ధపడెను; కావున నతడు పూనిన కార్యము మంచిదే యై యుండవలెనని తలంతుము. త్యాగము పెద్దదైనకొలది ధర్మమును పెద్దదియే యని లెక్కవేయుదుము. ఈ లెక్క సరియైనదేనా? సరియైనది కానిచో, కష్టమైన విధిని నెఱవేర్చుచున్న మనుష్యుడు తాను నడచుచున్న త్రోవ ధర్మమార్గమో కాదో దేనినిబట్టి తెలిసికొనవలెను? శాంతికాలమునందలి చిన్న చిన్న త్యాగములనుబట్టి ఈ ప్రశ్నను విచారించినచో నెటును తేలదు. త్యాగము మిక్కిలి గొప్పదై, పరస్పరవిరుద్ధములైన రెండు పక్షములయందును సమానముగా నుండు చోటికి పోయి విచారింపవలెను. అట్టి చోటు అంతర్యుద్ధము.

పరదేశీయులతోడి యుద్ధమున శత్రువు వేఱు భాష మాటలాడును. వేఱు ఆచారములు గలవాడై యుండును. వానిని మనుష్యుడని తలంపకుండుట సులభము. అంతర్యుద్ధమున నట్లు కాదు. ఎదుట నిలిచినవాడు తన భాషయే మాటలాడును, తన వేదగ్రంథమునే చదువును, ఒక్కొకప్పుడు తన తోబుట్టువే యగును. నేను 1861 మొదలు 1865 వఱకు అమెరికా సంయుక్త రాష్ట్రములయందు జరిగిన యుద్ధమును ఉదాహరణముగా గైకొనుచున్నాను. బానిసత్వమును నిలుపుకొనగోరి సంయుక్త రాజ్యమునుండి విడిపోయిన పదునొకండు దక్షిణ రాష్ట్రములకును, రాజ్యము చీలరాదని నిలిచిన ఉత్తర రాష్ట్రములకును జరిగిన యా పోరాటమున ఆఱు లక్షలకు మించి సైనికులు మడిసిరి. దీనిని కోరుకొనుటకు మఱియొక కారణము కలదు. ఆ రెండు సైన్యములయందును అధికసంఖ్యాకులు చదువను వ్రాయను నేర్చినవారు. వారు ఇండ్లకు వ్రాసికొన్న ఉత్తరములు వేలకొలదిగా నిలిచియున్నవి. మన కురుక్షేత్రమున పదునెనిమిది యక్షౌహిణుల సేన నశించినదని చదువుచున్నాము. అర్జునుని విషాద మెఱుగుదుము, ధృతరాష్ట్రుని శోక మెఱుగుదుము. కాని యా సేనలోని యొక కాలిబంటు ఏ యూరినుండి వచ్చెనో, ఎవరిని తలంచుకొని రాత్రి నిద్రపోకుండెనో మనకు తెలియదు. అమెరికా యుద్ధమున కాలిబంటు తన సంగతి తానే చెప్పుకొనుచున్నాడు.

అతడు చెప్పుకొన్న సంగతులలో యుద్ధముకంటె నిల్లే యెక్కువ. మన తెలుగున "బెంగ" యను మాట యున్నది. అత్తవారింటికి క్రొత్తగా పోయిన పిల్ల అన్నము ముట్టక చిక్కిపోయినయెడల, మన యిండ్లలోని పెద్ద ముత్తైదువలు వైద్యుని పిలువకముందే "పిల్ల పుట్టింటిమీద బెంగ పెట్టుకొన్నది" అందురు. బెంగచేత జ్వరము వచ్చుననియు, మందుచేత నది పోదనియు వారెఱుగుదురు. ఐరోపా వైద్యులకు ఈ సంగతి గ్రంథమున కెక్కించుటకు 1688వ సంవత్సరము వఱకు పట్టినది. ఆ యేట బేసెలు నగరమున యోహాన్నెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి, స్వదేశమునకు దూరమైనవారికి కలుగు ఈ వ్యాధిని వర్ణించి, ఇంటికి మఱలుట యను అర్థము గల గ్రీకు పదమును, బాధ యను అర్థము గల మఱియొక గ్రీకు పదమును కలిపి దానికి "నాస్టాల్జియా" యని పేరు పెట్టెను. అమెరికా యుద్ధమున ఉత్తర సైన్యపు వైద్యులు తమ రోగపట్టికలయందు ఈ పేరుతోనే యొక గడి నుంచిరి. అయిదువేలకు పైబడిన సైనికులు ఈ వ్యాధిక్రింద నమోదైరి. వారిలో 74 మంది దీనిచేతనే మరణించిరని వ్రాయబడియున్నది. విషజ్వరముతోడను, అతిసారముతోడను మంచము పట్టి, ఇంటిమీది దిగులుచేత బ్రతుకునం దాశ వదలుకొన్నవారు ఈ లెక్కలోనికి రాలేదని వేఱుగా చెప్ప నక్కఱలేదు.

దీనికి వైద్యులు చేసిన చికిత్సలు చిత్రముగా నున్నవి. కొందఱు రోగిని ఎగతాళి చేసి సిగ్గుపఱచినచో బాగుపడునని చెప్పిరి. కొందఱు తెంపులేని పని యీయవలె ననిరి. కొన్ని శిబిరములయందు ఇంటిని తలపించు పాటలను వాద్యగాండ్రు వాయింపరాదని యుత్తరువు లయ్యెను. అన్నిటికంటె గుణ మిచ్చినది సెలవు చీటి. సెలవు దొరకునని నమ్మిక కలిగిన మాత్రముననే మంచమునుండి లేచినవారు కలరు. బెంగ పురుషత్వము లేనివారి వ్యాధియని తలంచిన యధికారులు నాడు పెక్కుమంది యుండిరి. నేటికిని అట్లు తలంచువారు లేకపోలేదు. నేను వారితో నేకీభవింపను. ఇంటిమీద ప్రేమ లేనివాడు దేనిని రక్షించుటకు పోరాడును? జీతమునకో, దోపిడికో పోరాడును. సైనికుని విధియు, సైనికుని బెంగయు ఒక్క వేరునుండి పుట్టిన రెండు కొమ్మలు.

1862వ సంవత్సరము డిసెంబరు 30వ తేది రాత్రి టెన్నెసీ రాష్ట్రమున మర్ఫ్రీస్‌బరో పట్టణమునకు సమీపమున, స్టోన్స్ నది యొడ్డున, రెండు సైన్యములును కలిసి దాదాపు 80,000 మంది, ఒకరి మాట లొకరికి వినవచ్చునంత దగ్గఱగా విడిసియుండిరి. చలి మిక్కుటముగా నుండెను. ఉత్తరపు వాద్యగాండ్రు తమ పాట నొకదానిని వాయించిరి; దక్షిణపువారు పోటీగా తమదానిని వాయించిరి. ఇట్లు కొంతసేపు జరిగిన పిదప నొక పక్షమువారు "హోమ్, స్వీట్ హోమ్" అను పాట నెత్తుకొనిరి. ఇల్లు ఎంత చిన్నదైనను దానికి సాటి లేదను భావము గల పాట యది. 1823లో నొక నాటకముకొఱకు వ్రాయబడినది. రెండవ పక్షపు వాద్యములును దానినే యందుకొన్నవి. చీకటిలో నిరువైపుల సైనికులును ఒక్క గొంతుకతో పాడిరి. తెల్లవాఱగనే యుద్ధ మారంభమయ్యెను. జనవరి 2వ తేది సాయంకాలము నాటికి చచ్చినవారును, గాయపడినవారును, చెఱపట్టబడినవారును ఇరువైపుల కలిసి ఇంచుమించు 24,000 మంది.

ఈ కథ చెప్పువారు తఱచుగా కన్నీటితో నాపుదురు. మనుష్యు లందఱు నొక్కటే యని చెప్పి ముగింతురు. నాకు మాత్ర మిది యొక చిక్కుప్రశ్నగా కనబడుచున్నది. ఆ రాత్రి పాడిన యిరువైపులవారి బెంగయు నిజమైనదే. మఱునాడుదయమున నా బెంగను గుండెలో నణచుకొని ముందునకు నడచినప్పు డుభయులకును కలిగిన విధ్యుక్తబుద్ధియు నిజమైనదే. త్యాగ మిటువైపు నంతయే, అటువైపు నంతయే. త్యాగమే ధర్మమునకు కొలత యైనచో రెండు పక్షములును ధర్మపక్షములే కావలెను. అనగా మనుష్యుని మనుష్యుడు కొనవచ్చుననుటయు ధర్మమే, కొనరాదనుటయు ధర్మమే కావలెను. ఇట్టి తీర్పును బుద్ధిగలవా డెవ్వ డొప్పును? కావున గుండెలోని వేడి వేఱు, కార్యముయొక్క న్యాయము వేఱు. న్యాయస్థానమున సాక్షి కంట నీరు పెట్టుకొన్నంతమాత్రమున నతని మాట నిజము కాదు; అబద్ధమును కాదు. విచారణ చేయవలసియే యున్నది.

విచారణకు మొదట నొక యుత్తరమును తీసికొందము. వ్రాసినవాడు సల్లివన్ బలూ. రోడ్ ఐలండు రాష్ట్రమున న్యాయవాది. ఆ రాష్ట్రపు శాసనసభకు అధ్యక్షుడుగా నున్నవాడు. వయస్సు 32 సంవత్సరములు. ఇద్దఱు పసికుమారుల తండ్రి. 1861 జులై 14వ తేదిని వాషింగ్టను సమీపమునందలి శిబిరమునుండి భార్య సారాకు ఈ లేఖ వ్రాసెను. వారము దాటగనే, 21వ తేదిని, బుల్ రన్ యుద్ధమున గాయపడి, కాలు తీసివేయబడి, కొలది దినములకు మరణించెను. లేఖ తపాలాలో వేయబడనే లేదు. అతని సామానులలో దొరకినది. దానిలో నతడు పూర్వులు స్వాతంత్ర్యయుద్ధమున చిందించిన రక్తమునకు తన తరమువారు ఋణపడియున్నారనియు, ఆ ఋణమును తీర్చుటకు తాను సిద్ధముగా నున్నాననియు చెప్పెను. ఇంతవఱకు సైనికు లందఱు చెప్పునదియే. దాని తరువాత నతడు ప్రాయికముగా నెవ్వరును అడుగని ప్రశ్న నడిగెను. తన సంతోషమును వదలుకొనుటలో భార్య సంతోషమునుగూడ వదలివేయుచున్నానే, తండ్రిలేని బాల్య మెట్టిదో తానే యనుభవించి యెఱిగియు దానినే తన బిడ్డలకు పెట్టుచున్నానే, ఇది తగునా యని తన్ను తానే ప్రశ్నించుకొనెను.

ఋణము తీర్చుట మంచిదే. ఎవరి సొమ్ముతో తీర్చుచున్నావని న్యాయవాది యడుగకుండునా? తన ప్రాణము తనది; దాని నిచ్చుట కధికారము గలదు. భార్యయొక్క నలువదియైదు యేబది సంవత్సరముల జీవితమో? బలూ యొక్క గొప్పతనము నా దృష్టిలో యుద్ధమున మరణించుటయందు లేదు. ఆ వేసవిని వేలమంది మరణించిరి. తన త్యాగమున సగము భార్యదియని లెక్కలో వ్రాసియుంచుటయందున్నది.

మన వాఙ్మయమున నీ లెక్క తఱచుగా తప్పిపోవును. హరిశ్చంద్రుని కథను చూడుడు. తెలుగువారిలో నా నాటకమును చూచి యేడ్వనివా డుండడు. ఆడిన మాట తప్పరాదని రాజ్యము విడిచెను. దక్షిణ తీర్చుటకు కాశీ వీథిలో భార్యను, కుమారుని అమ్మెను. సత్యసంధుడని లోకము కొనియాడుచున్నది. మాట యిచ్చినవాడు హరిశ్చంద్రుడు. అమ్ముడుపోయినవారు చంద్రమతియు లోహితాస్యుడును. చంద్రమతి తానే యొప్పుకొనెనని కవులు చెప్పుదురు, ఒప్పుకొందము. లోహితాస్యుడు పసివాడు, వాని యొప్పుదల యేది? ఏ ధర్మశాస్త్రమున మైనరు సమ్మతి చెల్లును? మనము పద్యములకు చప్పట్లు కొట్టుచు, ఆ వీథిలో నొక బిడ్డ వేలమునకు వచ్చుటను పక్కకు త్రోసివేయుదుము. ఈ కథను నేను దూషించుటకు చెప్పలేదు. ఇచట త్యాగమున కొక లోపల, ఒక వెలుపల యున్నవని చూపుటకు చెప్పితిని. త్యాగము చేయువాని గుండె లోపలివైపు. ఆ త్యాగము ఎవరిమీద పడునో వారి బ్రతుకు వెలుపలివైపు. మనము లోపలి వైపే చూచుటకు నేర్చినవారము.

ఇక నిరువురు సేనాపతుల సంగతి. రాబర్టు లీయు, జార్జి టామసును ఇరువురును వర్జీనియా రాష్ట్రమున పుట్టినవారే. యుద్ధమునకు ముందు ఒక్క గుఱ్ఱపుదళముననే అధికారులుగా పనిచేసినవారు. రాజ్యమునకు బద్ధులమై యుందుమని ప్రమాణము చేసినవారు. 1861 ఏప్రిలు 17వ తేదిని వర్జీనియా విడిపోవుటకు నిశ్చయించెను. ఉత్తర సేనకు నాయకత్వము వహింపుమని లీని కోరిరి. అతడు నిరాకరించి, 20వ తేదిని ఉద్యోగము వదలుకొనెను. తన బంధువులమీద, తన బిడ్డలమీద, తన యింటిమీద చేయి యెత్తజాలనని సోదరికి వ్రాసెను. ఈ మాట విన్నవారి మనసు కరగక మానదు. టామసు ప్రమాణమును నిలుపుకొని ఉత్తరపక్షముననే యుండెను. వర్జీనియాలోని యతని యక్కచెల్లెండ్రు అతని చిత్రపటమును గోడవైపునకు త్రిప్పివేసిరని చెప్పుదురు. యుద్ధానంతరమున వారికి మఱల నతనితో పొందు కుదురలేదు. 1870లో నతడు మరణించినప్పుడు న్యూయార్కు రాష్ట్రమున జరిగిన యుత్తరక్రియలకు రక్తసంబంధు లెవ్వరును రాలేదు. స్టోన్స్ నది యొడ్డున ఆ పాట వినవచ్చిన రాత్రి ఉత్తరసేన మధ్యభాగమునకు నాయకు డీ టామసే. ఆ పాట వినినప్పు డతనికి ఏ యిల్లు తలపునకు వచ్చెనో మన మూహించుకొనవలసినదే.

ఇంటిని ప్రేమించినవాడు లీ యనియు, ఇంటికంటె ప్రమాణమును ప్రేమించినవాడు టామసనియు చెప్పి ఊరకుందురు. నేనింకొక విషయ మడుగుదును. లీ విడువజాలనన్న యిల్లు ఎట్టిది? ఆర్లింగ్టను కొండమీది భవనము, మామగారి యాస్తి. 1857లో మరణించిన యా మామగారు, తన బానిసలను అయిదు సంవత్సరములలోపుగా విడుదల చేయవలెనని మరణశాసనము వ్రాసెను. ఆ శాసనమును నిర్వహింపవలసినవాడు లీయే. అతడు వెంటనే విడుదల చేయలేదు. ఆస్తిమీది ఋణములకై వారిని పనిలో నుంచుకొని, కొందఱిని దూరపు తోటలకు కూలికి పంపెను. కూలికి పోయినవారికి భార్య లుండిరి, బిడ్డ లుండిరి. వారికి బెంగ యుండెను. గడువు తీఱిన పిమ్మట 1862 డిసెంబరు 29వ తేదిని విడుదల పత్రముమీద సంతకము చేసెను. అది స్టోన్స్ నదియొద్ద పాట పాడిన రాత్రికి ముందుదినము. తన యింటిమీద చేయి యెత్తజాలనన్న మనుష్యుడు తన కొట్టములోని పాకలుకూడ నిండ్లే యని చూడలేదు. లీ కపటియని నేననను. అతని బెంగ నిజమైనదే. దాని చూపు మాత్రము గుమ్మము దాటలేదు.

దీనికి దక్షిణపక్షమువారు చెప్పు నుత్తరము బలమైనదే. దానిని దాచుట న్యాయము కాదు. దక్షిణ రాష్ట్రములలో సుమారు మూడింట రెండువంతుల తెల్లవారి కుటుంబములకు బానిసలే లేరు. కొండలలో నాలుగెకరముల మొక్కజొన్న చేను దున్నుకొను బీదవాడు తుపాకి పట్టినది తోటల దొరల యాస్తికొఱకు కాదు, తన యూరిమీదికి సేన వచ్చుచున్నదనియే యని వారందురు. ఇది చాలవఱకు నిజము. ఐనను ఆ బీదవానికే యుద్ధము నడచుచున్నకొలది కన్ను తెఱపు కలిగెను. 1862 ఏప్రిలులో నిర్బంధ సైన్యసేవ శాసన మయ్యెను. ఆ యక్టోబరుననే ఇరువది మంది బానిసలున్న తోటకొక తెల్లవాడు చొప్పున సేవనుండి మినహాయింపు పొందెను. ధనవంతుని పొలము చూచుట కొక మగవాడు ఇంట నుండవచ్చును. బీదవాని పొలము బీడు పడవచ్చును. 1863 ఏప్రిలు 2వ తేదిని దక్షిణ రాజధానియైన రిచ్‌మండులో స్త్రీలు రొట్టెకొఱకు వీథులలో తిరుగబడిరి. పల్లెలనుండి భార్యలు వ్రాసిన యుత్తరములు శిబిరములకు చేరెను: బిడ్డలకు తినుటకు లేదు, వచ్చి దున్నిపోవలసినదని.

ఆ యుత్తరము చేతబట్టుకొని రాత్రి చీకటిలో నింటిదారి పట్టినవానిని ఏమనవలెను? సైనికశాసనము ద్రోహి యనును. నేను న్యాయవాదిని గనుక నొప్పందమునుబట్టి చూతును. నీ యింటిని రక్షించుటకు రమ్మని పిలిచి, ఇంటిని ఆకలికి వదలి, పొరుగు ధనవంతుని తోటకు కావలి కాయుమన్నయెడల నొప్పందమును ముందు తప్పిన దెవరు? ఐతే దీనిని సులభముగా తేల్చరాదు. అతడు పోయినచో ప్రక్కను నిలిచిన తోడివాని పార్శ్వము కాళీ యగును. తోడివానికిని ఇల్లు కలదు. చాలమంది సైనికులు తమ సేనాపతులకై గాక, తమ రాజ్యమునకై గాక, ఈ తోడివానికై నిలిచిరని వారి యుత్తరములు చెప్పుచున్నవి. ఈ విధిని నేను చిన్నచూపు చూడను. కాని యిది యుద్ధము మొదలైన పిదప పుట్టిన విధి. యుద్ధమును పుట్టించినదాని న్యాయమును ఇది నిర్ణయింపజాలదు.

ఉత్తర సైన్యమునను పాఱిపోయినవారు తక్కువకాదు. రమారమి 2,00,000 మంది. వారిలో పట్టుబడినవారిని కాల్చవలెనని తీర్పులు వచ్చునప్పుడు ఆ కాగితములు అధ్యక్షుడైన లింకను నొద్దకు చేరుచుండెను. ఆయనయు న్యాయవాదియే. దండనలేని సేన నిలువదని సేనాపతులు మొఱపెట్టుచున్నను, ఆయన యనేక తీర్పులను తగ్గించెను. 1863 మార్చి 10వ తేదిని, ఏప్రిలు 1వ తేదిలోపుగా తిరిగి చేరినవారికి శిక్ష లేదని ప్రకటించెను. పాఱిపొమ్మని బోధించిన నేర్పరిని ముట్టక, పాఱిపోయిన యమాయకపు కుఱ్ఱవానిని మాత్రము కాల్చుట న్యాయమా యని ఆ యేడే విమర్శకుల నడిగెను. ఐనను పాఱిపోయిన నేరమునకు 140 మందికి పైగా ఉత్తరసైనికులు కాల్చబడిరి. దయకు నొక యెల్ల యుండెనన్నమాట.

ఇంతవఱకు చెప్పినవారందఱికిని ఇల్లొకవైపు, విధి యొకవైపు లాగుచుండెను. ఈ రెండును ఒక్కవైపే లాగిన సైనికులు కొందఱుండిరి. వారు నల్లవారు. ఉత్తర సైన్యమున సుమారు 1,80,000 మంది చేరిరి. వారిలో నధికభాగము నిన్నటి బానిసలు. తెల్లవానికి నెలకు 13 డాలర్లును, వీరికి 10 డాలర్లును ఇచ్చి, దానిలో మూడు బట్టలకని తగ్గించిరి. మసాచుసెట్సు 54వ దళమువారు ఈ యవమానకరమైన జీతమును ముట్టమని నెలలకొలది యుద్ధము చేసిరి. 1864 జూనులో శాసనసభ సమాన జీతమున కొప్పుకొనెను.

వీరిలో మిస్సోరి రాష్ట్రమునకు చెందిన స్పాట్స్‌వుడ్ రైస్ అనువా డొకడు. బానిసగా నుండి పాఱిపోయి 1864 ఆరంభమున సేనలో చేరెను. ఇచట చదువరులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. మిస్సోరి ఉత్తరపక్షముననే నిలిచిన రాష్ట్రము; లింకను 1863లో చేసిన విమోచన ప్రకటన దానికి వర్తింపలేదు. కావున రైస్ ఏ రాజ్యపు జెండాక్రింద తుపాకి పట్టెనో ఆ రాజ్యపు చట్టమునుబట్టియే యతని కుమార్తెలు ఇంకను బానిసలు. బానిసల వివాహమును చట్ట మంగీకరింపదు. బిడ్డలు తల్లి యజమానికి సొత్తు. రైస్ కుమార్తె మేరీ, కిట్టీ డిగ్స్ అను నామె యింట నుండెను. 1864 సెప్టెంబరు 3వ తేదిని సెయింట్ లూయిస్ సైనిక ఆస్పత్రినుండి రైస్ రెండుత్తరములు వ్రాసెను. ఒకటి కుమార్తెలకు: మీరు ధైర్యముగా నుండుడు, ప్రాణము పోయినను మిమ్ము విడిపింతునని. రెండవది యా యజమానురాలికి. నా బిడ్డను నేను దొంగిలింపజూచితినని నీవు చెప్పుచున్నావట. మేరీ నాకు దేవు డిచ్చిన బిడ్డ. సైన్యముతో వచ్చుచున్నాను, అప్పుడు నా బిడ్డ నెవ్వ రాపుదురో చూతమని దాని భావము. అక్షరదోషములతో నిండిన యా లేఖలో బెంగ యేది, విధి యేది యని విడదీయుట సాధ్యము కాదు.

డిగ్స్ సోదరుడు ఆ యూరి తపాలా యధికారి. తన సోదరికి వచ్చిన యీ ధిక్కారపు లేఖలను చూచి మండిపడి, ఇట్టివానిని రాష్ట్రమునుండి పంపివేయవలెనని సేనాపతికి ఫిర్యాదు చేయుచు, లేఖలనుకూడ జతచేసి పంపెను. ఆ ఫిర్యాదు కట్టలోనే యవి భద్రముగా నేటివఱకు నిలిచినవి. సర్కారు దఫ్తరములతో పరిచయము గలవారికి ఇది వింతగా తోపదు.

ఈ ముగ్గురిని, బలూను, లీని, రైస్‌ను, ప్రక్క ప్రక్కను నిలిపి చూచినప్పుడు నాకు తోచినది చెప్పెదను. సైనికునికి తన విధి న్యాయమైనదో కాదో తెలిసికొనుటకు శాస్త్రగ్రంథములు తిరుగవేయ నక్కఱలేదు. కొలబద్ద యతని గుండెలోనే యున్నది. ఆ కొలబద్ద యతని బెంగయే. ఇంటికి దూరమగుట యెంత బాధయో వానికంటె బాగుగ నెవ్వ డెఱుగును? నేను నిలబెట్టుటకు పోరాడుచున్న యేర్పాటు మఱియొకనికి ఈ బాధనే నిత్యవిధిగా నియమించుచున్నదా యని యొక్కమాఱు తన్నుదాను ప్రశ్నించుకొన్న చాలును. రాత్రి తన బిడ్డను తలంచుకొని కన్నీరు కార్చి, తెల్లవాఱి లేచి పరుని బిడ్డ వేలమునకు వచ్చు చట్టమునకై తుపాకి పట్టినవాడు తన కన్నీటికే యబద్ధమాడినవా డగును. ఈ ప్రశ్న దక్షిణపువారికి మాత్రమే కాదు. పారిపోయి వచ్చిన బానిసలను 1861లో పట్టి యజమానుల కప్పగించిన ఉత్తరపు సేనాధికారులును కలరు. వారికిని ఇది తగులును. తన కుమార్తెను బానిసగా నుంచుకొన్న మిస్సోరి రాష్ట్రము ఉత్తరపక్షమే కదా యని రైస్ అడిగినయెడల లింకనునకును తగులును.

ఇంత బారముగా నాలోచించుటకు పందొమ్మిదేండ్ల కుఱ్ఱవానికి తీఱిక యెక్కడిదని యడుగవచ్చును. లేదు, కావుననే వానిని నిందించుట నా యుద్దేశము కాదు. తీఱిక గలవారు శాసనసభలలోను, దేవాలయ వేదికలమీదను ఉండిరి. వారు త్యాగమును పొగడిరి. దేనికై త్యాగమో విచారింపలేదు.

సారా బలూ భర్త మరణించునాటికి ఇంకను ఇరువదియైదేండ్ల లోపు వయసుది. మఱల వివాహము చేసికొనలేదు. ఆమె కే యాచారమును అడ్డుపడలేదు, ఎవ్వరును నిర్బంధింపలేదు. అది యామె స్వేచ్ఛగా చేసికొన్న నిర్ణయము. 1917 వఱకు జీవించెను.

మిస్సోరిలో 1865 జనవరి 11వ తేదిని బానిసత్వము రద్దయ్యెను. రైస్ తన కుటుంబమును కూడుకొని, పిదప మతబోధకు డయ్యెను. అతని కుమార్తె మేరీని 1937లో సెయింట్ లూయిస్ నగరమున ప్రభుత్వమువారు పంపిన యొక లేఖరి కలిసికొని, పూర్వకాలపు సంగతు లడిగెను. అప్పటి కామెకు 85 సంవత్సరములు. తన కష్టములకంటె తల్లిదండ్రుల కష్టములే తనకు తఱచుగా జ్ఞప్తికి వచ్చుననెను. తండ్రి యజమాని వేఱు, తల్లి యజమాని వేఱు. తండ్రి వారమునకు రెండు రాత్రులు మాత్రమే, బుధవారము నాడును శనివారము నాడును, ఇంటికి వచ్చుటకు సెలవుండెను. పెక్కుమాఱులు దెబ్బలు తిని నెత్తుటి బట్టలతో వచ్చువాడట. తల్లి యా బట్టలు విప్పించి, గాయములు కడిగి, నూనె రాచి, రాత్రికి రాత్రి బట్టలుదికి ఆరవేసి, ఇస్త్రీ చేసి, తెల్లవాఱునప్పటికి శుభ్రముగా తొడిగి పంపుచుండెడిదట. తన తండ్రియు, సోదరుడును, భర్తయు, కుమారుడును అందఱును సైన్యమున పనిచేసినవారే యనియు, సైనికులన్న తనకు ప్రీతి యనియు ఆమె యా లేఖరితో చెప్పెను.